నిజం తీయడానికి నిధులెవరిస్తారు?

హీరో ఉండడు. డ్యూయెట్లు ఉండవు. మొదటి రోజు మొదటి ఆట అన్న మాటే లేదు. పెట్టిన రూపాయి తిరిగొస్తుందన్న నమ్మకం అసలే లేదు. అయినా డాక్యుమెంటరీలు వస్తూనే ఉన్నాయి, ఆస్కార్‌ గుమ్మం దాకా వెళుతున్నాయి. మరి వాటికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది? ఇచ్చేవాళ్లు ఎవరు? ఇచ్చి ఏం అడుగుతారు?

2023 మార్చి 13, సోమవారం ఉదయం. ‘నాటు నాటు’కు ఆస్కార్‌ వచ్చిందని తెలుగు లోగిళ్లలో టీవీల ముందు ఒకటే చప్పట్లు. అదే వేదిక మీద ‘ది ఎలిఫెంట్‌ విస్పరర్స్‌’ అనే చిన్న డాక్యుమెంటరీ కూడా బంగారు బొమ్మను అందుకుంది. ఒకే రోజు దేశానికి రెండు ఆస్కార్లు! ఆ సంబరంలో మన దేశపు సినిమా ఇంకొకటి ఒట్టి చేతులతో ఇంటికి తిరిగొచ్చిన సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దాని పేరు ‘ఆల్‌ దట్‌ బ్రీత్స్‌’. దర్శకుడు శౌనక్‌ సేన్‌.

ఢిల్లీలోని వజీరాబాద్‌లో ఓ ఇంటి కింద నేలమాళిగ. ఒకపక్క సబ్బునీళ్ల డిస్పెన్సర్లు తయారుచేసే చిన్న వ్యాపారం. ఇంకోపక్క అట్టపెట్టెల్లో గాయపడ్డ గద్దలు. పతంగుల మాంజా తగిలి రెక్కలు తెగి పడిపోయిన వాటికి నదీమ్‌ షెహజాద్‌, మహమ్మద్‌ సౌద్‌ అనే అన్నదమ్ములు కుట్లు వేసి, మాంసం కైమా చేసి పెట్టి, మళ్లీ ఎగరేస్తుంటారు. ఒకప్పుడు వాళ్లు దెబ్బతిన్న గద్దను పట్టుకుని పక్షుల ఆసుపత్రికి వెళితే, మాంసం తినే పక్షికి ఇక్కడ వైద్యం చేయమని తిప్పి పంపేశారట. దాంతో ఆ పనేదో తామే నేర్చుకున్నారు. అదీ కథ.

ఆ సినిమాలో అన్నదమ్ములు ఒకదాని కోసం ఎదురుచూస్తూ ఉంటారు. అది గ్రాంటు. పక్షుల ఆసుపత్రికి సాయం చేయడానికి విదేశాల్లో దాతలున్నా, ఆ డబ్బు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. దరఖాస్తు పెడతారు. తిరస్కరించారన్న కబురొస్తుంది. కైమా కొట్టే యంత్రం పాడవుతుంది. మళ్లీ దరఖాస్తు. గద్దలు మాత్రం రోజూ రాలుతూనే ఉంటాయి.

తమాషా ఏమిటంటే, ఆ ఎదురుచూపులను తెరకెక్కించిన సినిమా కూడా ఆ దారినే నడిచింది. చిత్రీకరణకు సుమారు మూడేళ్లు పట్టింది. దానికి చేయూతనిచ్చిన వాళ్లలో హోవర్డ్‌ హ్యూస్‌ మెడికల్‌ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన టాంగిల్డ్‌ బ్యాంక్‌ స్టూడియోస్‌ ఒకటి. ఆ ఇన్‌స్టిట్యూట్‌ లాభాపేక్ష లేని సంస్థ, అమెరికాలో వైద్య పరిశోధనకు పెట్టింది పేరు. ఢిల్లీ గద్దలకూ అమెరికా పరిశోధన సంస్థకూ ఏమిటి సంబంధం అనిపిస్తుంది కదా! డాక్యుమెంటరీల ప్రపంచంలో ఇలాంటి చిత్రమైన చుట్టరికాలు మామూలే.

2022లో ఆ సినిమా సన్‌డాన్స్‌ చిత్రోత్సవంలో ప్రపంచ డాక్యుమెంటరీల విభాగపు ప్రధాన బహుమతి గెలిచింది. కేన్స్‌లో ‘గోల్డెన్‌ ఐ’ అవార్డూ దానికే వచ్చింది. మరుసటి ఏడాది ఆస్కార్‌ నామినేషన్‌. ‘నావల్నీ’ అడ్డు పడకపోతే ఆ సోమవారం మనవాళ్లకు మూడు బొమ్మలు వచ్చేవేమో!

అప్పు కాదు... అలాగని ఊరికే ఇవ్వరు!

మామూలు సినిమాకు డబ్బు పెట్టేవాళ్లు మనకు బాగా తెలుసు. ఫైనాన్షియర్‌ వడ్డీ కోసం పెడతాడు. నిర్మాత లాభం కోసం పెడతాడు. డిస్ట్రిబ్యూటర్‌ హీరో మొహం చూసి అడ్వాన్స్‌ ఇస్తాడు. ఈ ముగ్గురూ లేనిచోట మొదలవుతుంది గ్రాంటు. ట్రస్టులు, ఫౌండేషన్లు, చిత్రోత్సవాల అనుబంధ సంస్థలు ఇచ్చే ఈ డబ్బును తిరిగి కట్టక్కర్లేదు. వడ్డీ లేదు. చాలా సందర్భాల్లో సినిమా మీద వాటా కూడా అడగరు. ‘ఈ విషయం మీద ఈ సినిమా రావడం సమాజానికి అవసరం’ అని నమ్మి ఇస్తారు.

వినడానికి బాగానే ఉంది. అయితే ఒక్క గ్రాంటుతో సినిమా పూర్తయిపోవడం అరుదు. సాధారణంగా ఈ డబ్బు మూడు దశల్లో దొరుకుతుంది. విషయం మీద తిరిగి, మనుషులతో పరిచయం పెంచుకుని, కొంచెం తీసి చూపించడానికి ఒకటి. అసలు చిత్రీకరణకు ఒకటి. ఎడిటింగ్‌, శబ్దం, రంగుల సవరణలకు ఇంకొకటి. మొదటి దశలో వచ్చేది తక్కువ, నిజానికి అప్పుడే అవసరం ఎక్కువ. అందుకే డాక్యుమెంటరీ చివర్లో పడే కృతజ్ఞతల చిట్టా పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లలా అంత పొడుగ్గా ఉంటుంది. చాలాసార్లు అందులో ప్రతి పేరు వెనకా ఒక దరఖాస్తు, కొన్ని నెలల నిరీక్షణ ఉంటాయి. అందులో లేని పేర్ల వెనక తిరస్కరణ ఉత్తరాలు ఉంటాయి.

ఇంతకీ అంత డబ్బు దేనికి? కెమెరా చవకైపోయింది, సెల్‌ఫోనుతోనూ తీసేస్తున్నారు కదా అనొచ్చు. నిజమే. చవకవనిది సమయం. రింటు థామస్‌, సుష్మిత్‌ ఘోష్‌ తీసిన ‘రైటింగ్‌ విత్‌ ఫైర్‌’నే తీసుకోండి. ఉత్తరప్రదేశ్‌లోని బుందేల్‌ఖండ్‌లో దళిత మహిళలు నడిపే ‘ఖబర్‌ లహరియా’ పత్రిక కథ అది. 2002లో చిత్రకూట్‌లో మొదలైన ఆ పత్రిక అచ్చు నుంచి ఫోను తెర మీదకు మారుతున్న రోజుల్ని పట్టుకోవాలని 2016లో కెమెరా ఎత్తారు. ఫోను పట్టుకోవడమే కొత్తయిన విలేఖరి ధైర్యంగా పోలీసు అధికారిని నిలదీసే స్థాయికి ఎదగడం వారం రోజుల్లో జరిగే పని కాదు. ఏళ్లు కావాలి. ఆ ఏళ్లలో ఇంటద్దె కట్టాలి, పిల్లల ఫీజులుంటాయి, అమ్మానాన్నల మందులుంటాయి. గ్రాంటు కొనిపెట్టేది కెమెరాను కాదు, ఆ ఓపికను. 2021లో ఆ సినిమా సన్‌డాన్స్‌లో రెండు బహుమతులు గెలుచుకుంది. మరుసటి ఏడాది, ఆస్కార్‌కు నామినేట్‌ అయిన తొలి భారతీయ పూర్తినిడివి డాక్యుమెంటరీగా పేరు తెచ్చుకుంది.

పిచ్చి కుదిరితేగానీ...

‘పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు’ అన్న సామెత డాక్యుమెంటరీ వాళ్ల కోసమే పుట్టిందేమో! గ్రాంటు కావాలంటే కొంత సినిమా తీసి చూపించాలి. తీసి చూపించాలంటే గ్రాంటు రావాలి. అమెరికాలో ముగ్గురు మహిళలు 2005లో మహిళా డాక్యుమెంటరీ దర్శకులకు సాయం చేయడానికి ఓ సంస్థ పెట్టి, దానికి ‘చికెన్‌ అండ్‌ ఎగ్‌ పిక్చర్స్‌’ అని పేరు పెట్టుకున్నారు. కోడి ముందా గుడ్డు ముందా అన్నమాట!

దరఖాస్తు కూడా ఒక చిన్న యజ్ఞమే. కథాంశం ఒక పేరాలో చెప్పాలి. అదే విషయాన్ని రెండు పేజీల్లో మళ్లీ చెప్పాలి. ఎలా తీస్తారో ఇంకో నాలుగు పేజీల్లో రాయాలి. పైసా పైసాకూ బడ్జెట్‌ వేయాలి. ఈ మనుషులు మిమ్మల్ని తమ ఇంట్లోకి ఎందుకు రానిస్తారు, ఈ కథను మీరే ఎందుకు చెప్పాలి అన్న ప్రశ్నలకూ జవాబివ్వాలి. చివరి ప్రశ్న ఈమధ్య బాగా బలపడింది. అడగాల్సిన ప్రశ్నే. కొన్ని నిమిషాల వీడియో ముక్కలు జతచేయాలి. ఇంకా జరగని జీవితానికి ముందే ముగింపు రాయమన్నట్టుంటుంది ఈ తతంగం. డాక్యుమెంటరీలో ఆర్నెల్ల తర్వాత ఏం జరుగుతుందో దర్శకుడికే తెలియదు. కాగితం మీద మాత్రం తెలిసినట్టే రాయాలి.

దానికి తోడు ‘పిచింగ్‌’ అనే ముఖాముఖి. బల్ల చుట్టూ టీవీ ఛానళ్ల వాళ్లు, ఫౌండేషన్ల ప్రతినిధులు కూర్చుంటారు. దర్శకుడు కొద్ది నిమిషాల్లో కథ చెప్పి, వీడియో చూపించి, ప్రశ్నలకు సమాధానాలివ్వాలి. ఒకరకంగా పెళ్లిచూపులే! ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏటా నవంబరులో జరిగే ‘ఇడ్ఫా’ డాక్యుమెంటరీ ఉత్సవంలో ఇది పెద్ద సంత. మన దేశంలో కోల్‌కతాలో నడిచే ‘డాక్‌ఎడ్జ్‌’ వేదిక కొత్తవాళ్లకు ఈ విద్య నేర్పించి, విదేశీ సంస్థల ముందు నిలబెడుతూ వచ్చింది. మాటకారులకు ఇక్కడ పండగే. చక్కగా తీసే చెయ్యి ఉండి నోరు పెగలనివాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు.

న్యూస్‌రీలు నుంచి విదేశీ నిధుల దాకా

యాభై దాటిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. హాల్లో అసలు సినిమాకు ముందు నలుపు తెలుపుల్లో న్యూస్‌రీలు వేసేవారు. వరదలు, ఆనకట్టలు, మంత్రుల ప్రారంభోత్సవాలు. అది అయ్యేలోపు సోడా తాగి రావచ్చని బయటే నిలబడేవాళ్లు కొందరు. 1948లో పుట్టిన కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్‌ డివిజన్‌ తీసినవి అవి. ఆ సంస్థలో గొప్ప దర్శకులూ పనిచేశారు, ఒప్పుకోవాల్సిందే. కానీ సర్కారు డబ్బుతో సర్కారును ప్రశ్నించడం అంత తేలిక కాదు. 2022లో ఫిల్మ్స్‌ డివిజన్‌ జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిసిపోయింది.

ప్రశ్నించాలనుకున్నవాళ్లు జేబులు తడుముకున్నారు. ఆనంద్‌ పట్వర్ధన్‌ 1974-75లో బిహార్‌ ఉద్యమం మీద ‘వేవ్స్‌ ఆఫ్‌ రెవల్యూషన్‌’ తీసినప్పుడు వాడింది గడువు తీరిన ఫిల్మూ, అరువు కెమెరాలూ. ఎమర్జెన్సీలో దాన్ని ముక్కలు ముక్కలుగా దేశం దాటించాల్సి వచ్చింది. ఆయన ‘జై భీమ్‌ కామ్రేడ్‌’ (2011) పూర్తవడానికి పద్నాలుగేళ్లు పట్టింది! కేరళలో జాన్‌ అబ్రహాం అయితే 1984లో మిత్రులతో కలిసి ‘ఒడెస్సా’ అనే బృందం కట్టి, ఊరూరా తిరిగి చాప్లిన్‌ సినిమా వేసి, జనం దగ్గర చందాలు పోగుచేసి ‘అమ్మ అరియాన్‌’ (1986) తీశాడు. అది డాక్యుమెంటరీ కాదు, కథాచిత్రం. అయినా డబ్బున్న ఒక్కడి దగ్గర లక్ష అడిగే బదులు లక్ష మంది దగ్గర రూపాయి అడగడం ఎలాగో చూపించింది.

తొంభైల్లో పరిస్థితి మారడం మొదలైంది. 1996లో జార్జ్‌ సోరోస్‌కు చెందిన ఓపెన్‌ సొసైటీ సంస్థ మానవహక్కుల డాక్యుమెంటరీల కోసం ఓ నిధి పెట్టింది. 2002లో దాన్ని నటుడు రాబర్ట్‌ రెడ్‌ఫోర్డ్‌ స్థాపించిన సన్‌డాన్స్‌ ఇన్‌స్టిట్యూట్‌ చేతిలో పెట్టారు. ప్రపంచంలో ఏ మూలనున్న దర్శకుడైనా చేయి చాచగలిగిన పెద్ద తలుపుల్లో అదొకటి. 1998లో నెదర్లాండ్స్‌లో యాన్‌ వ్రైమన్‌ అనే దర్శకుడి పేరిట ఇంకో నిధి పుట్టింది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్‌ అమెరికాల్లాంటి చోట్ల డాక్యుమెంటరీలు తీసేవాళ్లకు ప్రత్యేకించిన నిధి అది. తర్వాతి కాలంలో దాని పేరు ఇడ్ఫా బెర్తా ఫండ్‌గా మారింది.

ఇక్కడా ఒకటి రెండు తలుపులు తెరుచుకున్నాయి. 2000లో ఢిల్లీలో పబ్లిక్‌ సర్వీస్‌ బ్రాడ్‌కాస్టింగ్‌ ట్రస్టు మొదలైంది. రాజీవ్‌ మెహ్రోత్రా సారథ్యం, ఫోర్డ్‌ ఫౌండేషన్‌ ఆర్థిక సాయం, ప్రసార భారతి తోడు. ఎవరైనా ఆలోచన పంపే వీలుండేది. నచ్చితే డబ్బిచ్చేవారు, తీశాక దూరదర్శన్‌లో వేసేవారు. పెద్ద మొత్తాలేమీ కావు. కానీ అప్పటిదాకా సినిమా స్కూలు డిగ్రీ, ముంబయి పరిచయాలు లేనిదే పని దొరకని వాళ్లకు అది తొలి మెట్టు. అలా వందల డాక్యుమెంటరీలు వచ్చాయి. ప్రసారమయ్యే వేళ రాత్రి పొద్దుపోయాక కావడం వల్ల అవి ఎంతమంది చూశారన్నది వేరే సంగతి. బెంగళూరులో 1993లో ఏర్పడిన ఇండియా ఫౌండేషన్‌ ఫర్‌ ది ఆర్ట్స్‌ కళల పరిశోధనకు గ్రాంట్లిస్తుంది. ఆ దారిలో కొన్ని సినిమాలకూ ఊపిరి పోసింది.

సోరోస్‌ పేరు కనిపించగానే కొందరి కనుబొమ్మలు ముడిపడతాయి. విదేశీ డబ్బు ఎందుకొస్తుంది, ఎవరి కోసం వస్తుంది అన్న అనుమానం మన దేశంలో పాతదే. 1976లోనే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం తెచ్చారు. 2010లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. 2020 సవరణతో, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకో వ్యక్తికో మళ్లించడం కుదరకుండా పోయింది. అంటే పెద్ద ట్రస్టు ఒకటి బయటి నుంచి డబ్బు తెచ్చి, ఇక్కడ పదిమంది చిన్న దర్శకులకు పంచిపెట్టే దారి మూసుకుపోయింది. కార్యాలయ ఖర్చుల మీదా పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అనుమానానికి కారణాలు ఉండొచ్చు, లెక్కలు అడగడమూ తప్పు కాదు. దాని బరువు మాత్రం లెక్కలు రాసే గుమాస్తాను కూడా పెట్టుకోలేని చిన్నవాళ్ల మీదే ఎక్కువగా పడుతుంది. కొంచెం తాహతున్నవాళ్లు విదేశీ సహనిర్మాతతో వ్యాపార ఒప్పందం చేసుకుని బయటపడతారు. గద్దల అన్నదమ్ములకు ఆ వీలు లేదు కదా!

ఇంత గొడవకూ మూలం ఇంట్లో పొయ్యి వెలగకపోవడం. గుళ్లు, బళ్లు, ఆసుపత్రులకు కోట్లు ఇచ్చే దాతలు మనకు ఎప్పుడూ ఉన్నారు. సినిమాకు దానం చేయడం మాత్రం మన అలవాట్లలో లేదు. సినిమా అంటే సంపాదించిపెట్టేదే అన్నది మన లెక్క.

డబ్బు వాళ్లది... కథ ఎవరిది?

‘రైటింగ్‌ విత్‌ ఫైర్‌’ ఆస్కార్‌ రాత్రికి కొద్ది రోజుల ముందు, 2022 మార్చిలో, ఓ అనుకోని సంఘటన జరిగింది. సినిమాలో ఉన్న ఖబర్‌ లహరియా వాళ్లే ఒక ప్రకటన విడుదల చేశారు. తమ పత్రిక ఒక్క రాజకీయ పార్టీ మీదే దృష్టి పెట్టి వార్తలు రాస్తుందన్నట్టుగా సినిమా చూపించిందని, అది తమ పూర్తి కథ కాదని దాని సారాంశం. దర్శకులు తమకు కనిపించిన నిజాన్ని తీశారు. పత్రికవాళ్లు తాము బతికిన నిజం వేరన్నారు.

ఎవరిది ఒప్పో తేల్చడం పక్కన పెడితే, ఒక చిక్కు మాత్రం కనిపిస్తుంది. గ్రాంటు దర్శకుడికి వస్తుంది. దరఖాస్తు రాసేది దర్శకుడే. ఉత్సవాల్లో ఎర్ర తివాచీ మీద నడిచేదీ ఎక్కువగా దర్శకుడే. కెమెరా ముందు ఐదేళ్లు బతుకు పరిచినవాళ్లు ఆ కాగితాల్లో ‘పాత్రలు’. ఈ తేడాను సరిచేయడానికి ఇటీవల కొన్ని నిధులు ‘మీ కథలోని మనుషులకు మీరేం చేస్తున్నారు, వాళ్ల భద్రత సంగతేమిటి’ అని దరఖాస్తులోనే అడుగుతున్నాయి. అడగడం మంచిదే. అయితే దానికీ ఓ అరపేజీ ఇంగ్లిషు సమాధానం రాస్తే సరిపోతుందనుకునే ప్రమాదం ఉంది.

అసలు చిక్కు ఆ ఇంగ్లిషులోనే ఉంది. విదేశీ నిధికే కాదు, ఇక్కడి నిధికి కూడా చాలావరకు కాగితం ఇంగ్లిషులో పెట్టాలి. ‘నా ఊళ్లో బోరుబావులు ఎండిపోతే మా నాయన ఏమయ్యాడో తీస్తాను’ అని తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పగలిగినవాడు అదే విషయాన్ని ‘ట్రీట్‌మెంట్‌ నోట్‌’గా మార్చలేక ఆగిపోతాడు. తెలుగులో సినిమా అంటే పడిచచ్చేవాళ్లకు కొదవ లేదు. షార్ట్‌ ఫిల్ములు తీసే కుర్రాళ్లు వీధికొకరు. వాళ్ల చూపంతా ఫిల్మ్‌నగర్‌ వైపే. అదొక కారణం. డాక్యుమెంటరీ తీసి బతకొచ్చని చెప్పే మనిషి కళ్లముందు లేకపోవడం ఇంకో కారణం.

పాత నగరం... కొత్త ప్రింటు

అలాగని మన గడ్డ మీద గట్టి డాక్యుమెంటరీలు రాలేదని కాదు. బి.నర్సింగరావు ‘మా ఊరు’ తీశారు. తెలంగాణ పల్లె బతుకును పొద్దు పొడుపు నుంచి పొద్దుగూకే దాకా కంటితో తాకినట్టుండే సినిమా అది. అంతకుముందే 1984లో హైదరాబాద్‌ పాతబస్తీ మతకల్లోలాల్లో చిక్కుకుంది. అసలు అప్పుడేం జరిగిందో, ఎవరి రాజకీయం ఎవరి ఇల్లు కాల్చిందో వెతుకుతూ దీపా ధన్‌రాజ్‌ ‘క్యా హువా ఇస్‌ షహర్‌ కో?’ (1986) తీశారు. కెమెరా నవ్‌రోజ్‌ కాంట్రాక్టర్‌ది. హైదరాబాద్‌ ఏక్తా అనే పౌర బృందం ఆ సినిమా వెనక నిలబడింది. కర్ఫ్యూలో ఉన్న గల్లీల్లోకి ఆ కెమెరా వెళ్లింది. రోజు కూలీ దొరకని ఇళ్లలో కూర్చుంది.

తర్వాత ఏళ్లతరబడి ఆ సినిమా పెద్దగా ఎవరికీ అందుబాటులో లేదు. ఫిల్ము ప్రింట్లు మనుషుల్లాంటివే, పట్టించుకోకపోతే పాడైపోతాయి. చివరికి దాన్ని కాపాడింది హైదరాబాద్‌ కాదు, బెర్లిన్‌. అక్కడి ఆర్సెనల్‌ సంస్థ తన ఫిల్ము భాండాగారంలోని పాత చిత్రాలకు మళ్లీ ప్రాణం పోసే పనిలో భాగంగా దీన్ని శుభ్రం చేసి డిజిటల్‌ ప్రతి తయారుచేసింది. 2013 బెర్లిన్‌ చిత్రోత్సవంలో మళ్లీ ప్రదర్శించారు. పాతబస్తీ గల్లీల్లో ఏడ్చిన తల్లుల ముఖాలు దాదాపు మూడు దశాబ్దాల తర్వాత జర్మనీలో మళ్లీ వెలుగు చూశాయి. గ్రాంటు అంటే కొత్త సినిమా తీయడానికే అనుకుంటాం. తీసినదాన్ని బతికించడానికీ అంతే డబ్బు కావాలి. ఆ పద్దు కింద అడిగేవాళ్లూ తక్కువ, ఇచ్చేవాళ్లు మరీ తక్కువ.

పస్తాపూర్‌ ‘సంఘం షాట్‌’

దరఖాస్తులు, పిచింగులు, ఇంగ్లిషు... ఇవేవీ లేకుండా జరిగిన పని ఒకటి జహీరాబాద్‌ దగ్గర ఉంది. అప్పటి మెదక్‌, ఇప్పటి సంగారెడ్డి జిల్లా పస్తాపూర్‌. అక్కడి డెక్కన్‌ డెవలప్‌మెంట్‌ సొసైటీ చిరుధాన్యాల సేద్యం మీద దళిత మహిళల సంఘాలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థ. దాన్ని నడిపించిన పి.వి.సతీష్‌ ఒకప్పుడు దూరదర్శన్‌లో పనిచేసిన మనిషి. 2023లో కన్నుమూశారు. తొంభైల చివర్లో ఆయన బృందం ఓ సాహసం చేసింది. మామూలుగా స్వచ్ఛంద సంస్థలు పట్నం నుంచి దర్శకుణ్ని పిలిపించి, తమ మీద ఓ డాక్యుమెంటరీ తీయించుకుంటాయి. వీళ్లు ఆ కెమెరానే తెచ్చి, అక్షరం ముక్క రాని కూలి తల్లుల చేతిలో పెట్టారు.

ఆ నేర్పడంలో ఒక ఇబ్బంది వచ్చింది. లో యాంగిల్‌, హై యాంగిల్‌, ఐ లెవెల్‌ అన్న మాటలు వాళ్ల నోటికి పట్టలేదు. పట్టాల్సిన అవసరమూ లేదనుకున్నారు. తమ బతుకులోంచే పేర్లు తీశారు. గడీ అరుగు మీద నుంచి దొర కింద కూలీని చూసినట్టు, పైనుంచి కిందకు తీసేది ‘పటేల్‌ షాట్‌’. ఆ కూలీ తలెత్తి దొరను చూసినట్టు, కిందనుంచి పైకి తీసేది జీతగాళ్ల షాట్‌. మరి ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెట్టి తీసేది? అది ‘సంఘం షాట్‌’! సంఘంలో అందరూ ఒకే ఎత్తులో, నేల మీద కూర్చుంటారు కాబట్టి. సినిమా స్కూళ్లలో ఒక సెమిస్టరు పట్టే పాఠం మూడు మాటల్లో అయిపోయింది.

2001లో వాళ్లదే ఒక కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. బీటీ పత్తి కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ మహిళలే వరంగల్‌ రైతుల చేలకు వెళ్లి, ఒక పంటకాలమంతా తిరిగి, విత్తు నుంచి అప్పు దాకా చిత్రించారు. బీటీ పత్తి మీద వరంగల్‌ రైతులకు కోపం ఎందుకొచ్చిందో చెప్పే ఆ సినిమా 2003లో వచ్చింది, ఇతర భాషల్లోకీ వెళ్లింది. ఆ విత్తనాల మీద శాస్త్రవేత్తల్లోనూ రైతుల్లోనూ వేరు వేరు అభిప్రాయాలున్నాయి. ఆ వాదన అలా ఉంచితే, రైతు అప్పు లెక్క చెబుతుంటే కెమెరా పట్టుకున్న మనిషికి దుబాసీ అక్కర్లేకపోవడం ఆ సినిమాలో ప్రత్యేకత. ఆమెకూ చేను తెలుసు. అప్పూ తెలుసు.

ఇందులో డబ్బు సంగతి ఏమిటి? ఇక్కడా దాతలు ఉన్నారు. మాచనూరులో వాళ్లు నడిపే సంఘం రేడియోకు కేంద్రం కట్టడానికి 1998లో యునెస్కో చేయూతనిచ్చింది. దానికి ప్రసార అనుమతి వచ్చి, గాలిలో మాట వినిపించడానికి 2008 దాకా పట్టింది, అది వేరే ఎదురుచూపు. కానీ ఒక్కో సినిమాకు ఒక్కో దరఖాస్తు అన్న పద్ధతి ఇక్కడ లేదు. సంస్థ వాళ్లకు పని నేర్పింది, యంత్రాలిచ్చింది, వెనక నిలబడింది. ఏం తీయాలో సంఘంలో కూర్చుని తేల్చుకున్నారు. పొలం పనులున్నప్పుడు పొలానికి వెళ్లారు, లేనప్పుడు కెమెరా ఎత్తుకున్నారు.

ఏటా సంక్రాంతి వేళ ఆ చుట్టుపక్కల ఊళ్లలో పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్ల బండ్లను ముగ్గులతో, మామిడాకులతో అలంకరించి, బుట్టల నిండా కొర్రలు, సామలు, జొన్నలు, పచ్చజొన్నలు, అనుములు పేర్చి ఊరూరా తిప్పుతారు. బండ్ల ముందు డప్పులు, వెనక బోనాల్లా విత్తనాల కుండలెత్తుకున్న ఆడవాళ్లు. వాళ్ల పక్కనే, అదే చీరకట్టుతో, కొంగు నడుముకు చెక్కుకుని కెమెరా పట్టిన ఇంకో ఆడమనిషి వెనక్కి వెనక్కి నడుస్తూ తీస్తూ ఉంటుంది. బండి ఆగితే ఆమె కూడా ఆగి, విత్తనాల బుట్ట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాను ఎదుటి ముసలామె కళ్ల ఎత్తుకు తెచ్చుకుంటుంది.